సిచువాన్ : కొండల నడుమ కొలువైన నేల

ఉద్దేశం

నేల తీరు మనుషుల జీవన విధానాన్ని ఎట్లా తీర్చిదిద్దుతుందో, ఆ మనుషులు తిరిగి ఆ నేలను తమకు అనువుగా ఎట్లా మలచుకుంటారో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇందుకు చైనా దేశంలోని సిచువాన్ రాష్ట్రాన్ని ఉదాహరణగా తీసుకోవడం జరిగింది. అక్కడి పర్వతాలు, నదులు, నగరాలు, వాటి వెనుక ఉన్న మానవకృషి ఇందులో వర్ణితమయ్యాయి.

పాఠం

చైనా దేశపటాన్ని ముందుంచుకొని చూస్తే నైరుతి భాగంలో ఒక విశేషం కనబడుతుంది. పడమట టిబెట్ పీఠభూమి ముదురు గోధుమ రంగులో ఎత్తుగా నిలిచి ఉంటుంది. దానిని ఆనుకొని తూర్పు దిక్కున, నాలుగు వైపులా కొండలు చుట్టిన పచ్చని పల్లపు నేల ఒకటి ఉంటుంది. ఈ ఎత్తును, ఈ పల్లాన్ని ఒకే ఎల్లలో ఇముడ్చుకున్నదే సిచువాన్ రాష్ట్రం. మంచు కరగని శిఖరాలు, ఏడాదికి రెండు మూడు పంటలు పండే మాగాణులు ఒకే రాష్ట్రంలో ఉండటం అరుదైన విషయం. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని గ్రహిస్తే సిచువాన్ చరిత్ర యావత్తూ అర్థమవుతుంది.

ఉనికి – పేరు

సిచువాన్ విస్తీర్ణం సుమారు 4,86,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు రెండింటినీ కలిపినా విస్తీర్ణం 2,75,000 చదరపు కిలోమీటర్లే కనుక దాని వైశాల్యాన్ని మనం ఊహించుకోవచ్చు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 8 కోట్ల 36 లక్షల మందికి పైగా నివసిస్తున్నారు. ఉత్తరాన చింగ్‌హాయ్, గన్సు, షాన్‌షీ, తూర్పున చుంగ్‌చింగ్, దక్షిణాన గుయిజౌ, యున్నాన్, పడమట టిబెట్ దీనికి సరిహద్దులు. చుంగ్‌చింగ్ మహానగర ప్రాంతం పూర్వం సిచువాన్‌లో భాగంగానే ఉండేది. 1997లో దానిని వేరు చేసి నేరుగా కేంద్రప్రభుత్వం ఆధీనంలోకి తెచ్చారు.

‘సి’ అంటే నాలుగు; ‘చువాన్’ అనే మాటకు నది అనే అర్థం ఉన్నది. అందువల్ల నాలుగు నదుల నేల కాబట్టి ఈ పేరు వచ్చిందని చాలామంది చెప్పుకొంటారు. అయితే చరిత్రకారుల అభిప్రాయం వేరు. సుంగ్ వంశ చక్రవర్తులు 11వ శతాబ్ది ఆరంభంలో ఈ ప్రాంతాన్ని పరిపాలనా సౌకర్యం కోసం నాలుగు మండలాలుగా విభజించారు. ఆ నాలుగు మండలాల సమష్టి నామమే క్రమంగా ‘సిచువాన్’గా స్థిరపడింది. అంతకు పూర్వం ఇక్కడ తూర్పున ‘బా’, పడమట ‘షు’ అనే ప్రాచీన రాజ్యాలు ఉండేవి. క్రీ.పూ. 316లో చిన్ రాజ్యం వీటిని జయించింది. నేటికీ చైనీయులు ఈ రాష్ట్రాన్ని ముద్దుగా ‘షు’ అనే పిలుస్తారు.

పడమటి పర్వతాలు

రాష్ట్రం పడమటి సగం పర్వతమయం. టిబెట్ పీఠభూమి అంచులు, హెంగ్‌దువాన్ పర్వతశ్రేణులు ఇక్కడ ఉత్తర దక్షిణాలుగా బారులు తీరి ఉంటాయి. 7,500 మీటర్లకు మించిన ఎత్తు గల గొంగ్గా శిఖరం సిచువాన్‌లో అత్యున్నతమైనది. దాని వాలుల మీదినుంచి హిమానీనదాలు దిగివస్తాయి. వాయవ్య మూలన ర్వోర్‌గాయ్ అనే విశాలమైన పచ్చిక మైదానం ఉన్నది. పసుపు నది తన తొలి పెద్ద వంపును ఈ సీమలోనే తిరుగుతుంది. ఈ పడమటి ప్రాంతంలో టిబెటన్లు, యీ, చియాంగ్ మొదలైన జాతుల వారు అనాదిగా నివసిస్తున్నారు. పశుపోషణ, బార్లీ సేద్యం వారి ప్రధాన వృత్తులు.

ఈ పర్వతాలకు, పల్లపు నేలకు నడుమ గోడవలె నిలిచినది లుంగ్‌మెన్ పర్వతశ్రేణి. ‘లుంగ్‌మెన్’ అంటే డ్రాగన్ ద్వారం అని అర్థం. సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న మైదానంనుంచి పడమటికి 50 కిలోమీటర్లు పోయేసరికే నేల 4,000 మీటర్లకు పైగా లేస్తుంది. టిబెట్ పీఠభూమి అంచులన్నింటిలో ఇంత నిటారుగా లేచిన అంచు అరుదు.

ఈ గోడ ఇట్లా లేవడానికి కారణం మన నేలతో ముడిపడి ఉన్నది. మనం నివసిస్తున్న భారత భూఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరదిశగా జరుగుతూ ఆసియా ఖండాన్ని నెడుతున్నది. ఆ ఒత్తిడి వల్ల హిమాలయాలు, టిబెట్ పీఠభూమి పైకి లేచాయి. ఎటూ చోటు చాలని పీఠభూమి శిలాపటలం తూర్పు దిక్కుకు జరిగి సిచువాన్ పల్లపు నేల అడుగున ఉన్న దృఢమైన శిలలకు తాకుతున్నది. ఆ తాకిడి వల్ల లుంగ్‌మెన్ పర్వతాలు పెరిగాయి. సిచువాన్‌కు నీటిని ఇచ్చే కొండలూ, దానిని వణికించే భూకంపాలూ ఒకే కారణం వల్ల పుట్టాయి.

ఎర్రమట్టి పల్లం

తూర్పు సగంలో ఉన్నది సిచువాన్ పల్లం. కోట్ల సంవత్సరాల క్రితం ఇది నీటితో నిండిన ప్రదేశం. చుట్టూ ఉన్న కొండలనుంచి కొట్టుకొనివచ్చిన మట్టి, ఇసుక పొరలు పొరలుగా పేరుకొని ఎర్రని, ఊదారంగు శిలలుగా గట్టిపడ్డాయి. 19వ శతాబ్దిలో చైనాలో పర్యటించిన జర్మన్ భూగోళ శాస్త్రవేత్త రిచ్‌తోఫెన్ దీనికి ‘ఎర్ర పల్లం’ అని పేరు పెట్టాడు. ఈ శిలలు సులువుగా చివికి సారవంతమైన మట్టిగా మారతాయి. అందువల్ల ఇక్కడి రైతులు మెట్టలను సైతం మెట్లు మెట్లుగా చదునుచేసి వరి, గోధుమ, ఆవ, చిలగడదుంప పండిస్తున్నారు.

ఉత్తరాన ఉన్న చిన్‌లింగ్, దాబా పర్వతాలు చలిగాలులను అడ్డగిస్తాయి. కనుక అదే అక్షాంశం మీది ఇతర ప్రాంతాలకంటె ఇక్కడ శీతకాలం మెత్తగా ఉంటుంది. అయితే కొండల నడుమ చిక్కుకొన్న తేమ ఎటూ పోలేక పొగమంచుగా, మబ్బుగా నిలిచిపోతుంది. చైనాలో అతి తక్కువ ఎండకాసే ప్రాంతాలలో ఇది ఒకటి. సిచువాన్ కుక్కలు సూర్యుణ్ణి చూసి కొత్తవాడనుకొని మొరుగుతాయని చైనీయులలో ఒక పాత సామెత ఉన్నది. ఈ చెమ్మ వాతావరణంలో ఒంటికి వేడి కలిగించే ఘాటైన భోజనం అక్కడివారికి ప్రీతిపాత్రమైంది. నాలుకను చిమచిమలాడించే స్థానికమైన సిచువాన్ మిరియం వారికి ప్రాచీన కాలంనుంచి ఉన్నదే. మిరపకాయ మాత్రం అమెరికా ఖండంనుంచి వచ్చినది. మన తెలుగునేలకు కూడా మిరప ఆ ఖండంనుంచే వచ్చింది. కారానికి పేరుపొందిన ఈ రెండు సీమలకూ అది ఒకనాడు పరాయి పంటే.

నదులు

పడమటి మంచుకొండల నీరంతా ఈ పల్లంలోకే దిగుతుంది. యాంగ్‌ట్సీ నదిని ఎగువ భాగంలో జిన్‌షా అంటారు. ‘బంగారు ఇసుక’ అని ఆ పేరుకు అర్థం. యాలుంగ్ నది పాన్‌జిహువా వద్ద జిన్‌షాలో కలుస్తుంది. దాదు నది లెషాన్ వద్ద మిన్ నదిలో కలుస్తుంది. మిన్, జిన్‌షా నదులు యీబిన్ నగరం వద్ద సంగమిస్తాయి. అక్కడినుంచే చైనీయులు ఈ మహానదిని ‘చాంగ్ జియాంగ్’, అనగా దీర్ఘనది, అని పిలుస్తారు. తువో నది లుజౌ వద్దను, జియాలింగ్ నది చుంగ్‌చింగ్ వద్దను దీనిలో చేరుతాయి.

పూర్వకాలపు చైనా పండితులు మిన్ నదినే యాంగ్‌ట్సీకి మూలమని భావించారు. 17వ శతాబ్దిలో షు షియాకె అనే యాత్రికుడు కాలినడకన దేశమంతా తిరిగి, జిన్‌షాయే అసలు మూలధార అని వాదించాడు. అయినప్పటికీ సిచువాన్ ప్రజల జీవితంలో మిన్ నది స్థానం తగ్గలేదు. అందుకు కారణం ఆ నది మీద వెలసిన ఒక నిర్మాణం.

దుజియాంగ్‌యాన్

కొండలనుంచి ఒక్కసారిగా మైదానంలోకి దూకే మిన్ నది ఒకప్పుడు ప్రజలను ముప్పుతిప్పలు పెట్టేది. వేసవిలో మంచు కరిగిన నీరు, వాననీరు కలిసి పడమటి పొలాలను ముంచేవి. తూర్పు పొలాలు కొండ అడ్డుగా ఉండటం వల్ల నీరందక ఎండేవి. చిన్ రాజ్యం తరఫున షు ప్రాంతానికి పాలకుడుగా వచ్చిన లీ బింగ్ ఈ సమస్యను పరిశీలించి, క్రీ.పూ. 256 ప్రాంతంలో దుజియాంగ్‌యాన్ నిర్మాణాన్ని చేపట్టాడు.

లీ బింగ్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టలేదు. నది నడుమ చేపనోరు ఆకారంలో ఒక గట్టును పోయించి ప్రవాహాన్ని రెండుగా చీల్చాడు. లోపలి పాయ ఇరుకుగా, లోతుగా ఉంటుంది. వెలుపలి పాయ వెడల్పుగా, నిస్సారంగా ఉంటుంది. నీరు తక్కువగా ఉన్న కాలంలో అది సహజంగా లోతైన పాయలోకి పోతుంది. కనుక పదింట ఆరుపాళ్లు సేద్యానికి చేరుతుంది. వరద వచ్చినప్పుడు నీరు వెడల్పైన పాయను నింపుతుంది. అప్పుడు పదింట ఆరుపాళ్లు వెలుపలికి పోయి పొలాలకు ముంపు తప్పుతుంది. రెండవ భాగం ‘ఎగిరే ఇసుక కలుజు’. లోపలి పాయలోకి వచ్చిన అదనపు నీరు దీనిమీదుగా పొర్లి, సుడి తిరుగుతూ, తనతో తెచ్చిన ఇసుకను, గులకరాళ్లను వెలుపలికి విసరుతుంది. మూడవ భాగం ‘సీసా మెడ’. సుమారు 20 మీటర్ల వెడల్పున కొండను తొలిచిన దారి ఇది. తుపాకిమందు లేని ఆ కాలంలో రాతిని మంటపెట్టి కాల్చి, వెంటనే చన్నీళ్లు పోసి పగులగొట్టారని చెబుతారు. ఎంత వరద వచ్చినా ఈ మెడలో పట్టినంత నీరే పొలాలకు పోతుంది.

గట్టు కట్టడానికి వెదురుబుట్టలలో రాళ్లు నింపి నీటిలో పరిచారు. నీటిమట్టం తెలుసుకోవడానికి రాతి మనుషులను నదిలో నిలబెట్టారు. ఎండకాలంలో నీరు వాటి పాదాలకంటె దిగరాదు; వరదకాలంలో భుజాలకంటె పెరగరాదు. 1974లో నదీగర్భంలో లీ బింగ్ శిలావిగ్రహం ఒకటి బయటపడింది. అది క్రీ.శ. 168లో చెక్కినది. ఒక పాలనాధికారిని నాలుగు వందల ఏండ్ల తరువాత కూడా ప్రజలు విగ్రహం చేసి తలచుకొన్నారంటే అతని కృషి ఎటువంటిదో తెలుస్తుంది.

ఈ కట్టడం నిలవడానికి దాని రూపకల్పన ఒక్కటే కారణం కాదు. నదిగర్భాన్ని లోతుగా తవ్వాలి, కలుజును తక్కువ ఎత్తున కట్టాలి అనే నియమాన్ని పూర్వులు అక్కడ రాతిమీద చెక్కించారు. నీరు తగ్గే శీతకాలంలో పూడిక తీయడం, గట్లు సవరించడం తరతరాలుగా సాగింది. వసంతకాలంలో నీటిని పొలాలకు వదలడం ఒక పండుగగా మారింది. కట్టినవాడు ఒక్కడే అయినా కాపాడినవారు వేలతరాల ప్రజలు కాకపోయినా వందతరాల ప్రజలు. 20వ శతాబ్దిలో కాంక్రీటు, ఉక్కు తలుపులు వచ్చి చేరినా మూలసూత్రం మారలేదు. నేడు ఈ వ్యవస్థ కింద 6 లక్షల హెక్టార్లకు పైగా భూమి సాగవుతున్నది. 2000లో యునెస్కో దీనిని సమీపంలోని చింగ్‌చెంగ్ పర్వతంతో కలిపి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2018లో దీనిని వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చింది. అదే సంవత్సరం ఆ జాబితాలో మన తెలంగాణలోని సదర్మాట్ ఆనకట్ట, కామారెడ్డి పెద్దచెరువు కూడా చోటు సంపాదించడం గమనించదగిన విషయం.

చెంగ్దూ

దుజియాంగ్‌యాన్ నీటితో పండిన మైదానంలో వెలసిన నగరం చెంగ్దూ. ఇది సిచువాన్ రాజధాని. 2,300 సంవత్సరాలకు పైగా ఉన్నచోటనే ఉంటూ, ఉన్న పేరునే నిలుపుకొన్న నగరం ఇది. కరువు, ముంపు రెండూ తప్పిన ఈ సీమను చైనీయులు ‘దేవతల భాండారం’ అని కీర్తించారు. ఇక్కడి జరీపట్టు దేశమంతటా ప్రసిద్ధి చెందినందువల్ల చెంగ్దూకు ‘జరీనగరం’ అనే పేరు కూడా వచ్చింది. వర్తకం పెరిగిన కొద్దీ బరువైన ఇనుప నాణేలను మోయడం వ్యాపారులకు కష్టమైంది. అందువల్ల వారు కాగితపు పత్రాలను వాడసాగారు. 11వ శతాబ్దిలో ప్రభుత్వమే వాటి జారీని చేపట్టింది. ‘జియావోజి’ అనే ఈ పత్రాలే ప్రపంచంలో మొదటి కాగితపు ద్రవ్యంగా పరిగణింపబడుతున్నాయి.

యుద్ధాల వల్ల నిలువనీడ కోల్పోయిన మహాకవి దు ఫు 8వ శతాబ్దిలో ఈ నగరానికి వచ్చి, పొలిమేరలో ఒక గడ్డి కుటీరం కట్టుకొని కొన్నేండ్లు నివసించాడు. ఆ స్థలం నేడు స్మారక ఉద్యానవనం. 2020 లెక్కల ప్రకారం చెంగ్దూ నగర పరిపాలనా ప్రాంతంలో 2 కోట్ల 9 లక్షల మందికి పైగా ఉన్నారు. ఎలక్ట్రానిక్ పరిశ్రమలు, 2010లో ఆరంభమైన మెట్రో రైలు, 2021లో తెరచిన రెండవ విమానాశ్రయం ఆ నగరం విస్తరణను తెలుపుతున్నాయి. అయినా అక్కడి ప్రజలు వెదురు కుర్చీలలో కూర్చొని తేనీటి శాలలలో గంటల తరబడి కబుర్లు చెప్పుకొనే అలవాటును మానలేదు.

ఇతర నగరాలు

సిచువాన్‌లోని ఒక్కొక్క నగరం ఒక్కొక్క సహజవనరును ఆశ్రయించి పెరిగింది. జిగాంగ్ ఉప్పునగరం. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఈ సీమలో భూగర్భంలోని ఉప్పునీటిని తోడి, అదే బావులలో లభించే సహజవాయువుతో కాచి ఉప్పు తీసేవారు. 1835లో పూర్తయిన షెన్‌హాయ్ బావి 1,000 మీటర్లకు మించిన లోతు సాధించిన మొదటి బావి. యంత్రాలు లేని కాలంలో వెదురు, ఇనుప ములుకుల సహాయంతో దానిని తవ్వారు. అదే నగర పరిసరాలలో దొరికిన రాక్షసబల్లుల శిలాజాల కోసం ఒక ప్రదర్శనశాల వెలసింది.

దెయాంగ్ భారీ యంత్రాలకు నిలయం. దాని పరిధిలోని సాన్‌షింగ్‌దుయి వద్ద 1929లో ఒక రైతుకు పచ్చరాతి వస్తువులు దొరికాయి. 1986లో అక్కడ రెండు గోతులలో పొడుచుకొనివచ్చిన కన్నులు గల కంచు ముఖాకృతులు బయటపడ్డాయి. 2019 తరువాత మరి ఆరు గోతులు కనబడ్డాయి. మూడువేల ఏండ్ల క్రితమే ఇక్కడ తనదైన నాగరికత వర్ధిల్లినదని వీటి వల్ల రుజువైంది. మియెన్‌యాంగ్ శాస్త్ర పరిశోధనలకు, నాన్‌చుంగ్ పట్టుకు, యీబిన్, లుజౌలు ధాన్యంనుంచి తీసే మద్యానికి పేరుపొందాయి. దక్షిణాన జిన్‌షా లోయలోని పాన్‌జిహువా ఇనుము, టైటానియం, వెనేడియం ఖనిజాల కోసం 1960లలో వెలసిన ఉక్కునగరం. పొగమంచు ఎరుగని ఆ వేడి లోయలో మామిడి పండుతుంది. షీచాంగ్ వద్ద ఉపగ్రహ ప్రయోగ కేంద్రం ఉన్నది. కాంగ్‌దింగ్ పూర్వం తేయాకు, గుర్రాల వర్తకానికి కూడలి.

లెషాన్ వద్ద మూడు నదుల కూడలిలో కొండను తొలిచి మలచిన 71 మీటర్ల బుద్ధవిగ్రహం ఉన్నది. సుడిగుండాలలో పడవలు మునుగుతుండగా, హైతుంగ్ అనే భిక్షువు 713లో ఈ పనిని ప్రారంభించాడు. అది 803లో పూర్తయింది. వాననీరు విగ్రహాన్ని కోయకుండా దాని శిరోజాల మడతలలో కాలువలు అమర్చారు. 2020 ఆగస్టు వరదలో నీరు ఆ విగ్రహం కాలివేళ్లను తాకింది. సమీపంలోని ఎమెయ్ పర్వతం, ఈ విగ్రహం 1996లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందాయి.

పడమటి కొండలలోని వెదురు అడవులు పాండాలకు నెలవు. 1869లో ఫ్రెంచి మతగురువు అర్మాన్ దవీద్ ఈ జంతువును పాశ్చాత్య శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. చైనాలో జరిగిన నాలుగవ పాండా గణనలో అడవులలో 1,864 పాండాలు ఉన్నట్లు తేలింది. వాటిలో అధిక భాగం సిచువాన్‌లోనే ఉన్నాయి. 2021లో అక్కడ పాండా జాతీయ వనం అధికారికంగా ఏర్పడింది.

నేల కంపించిన వేళ

కొండలు ఇచ్చిన సంపదకు సిచువాన్ ప్రజలు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 1933 ఆగస్టు 25న దియెషీ వద్ద భూకంపం వచ్చి కొండచరియలు విరిగి మిన్ నదికి అడ్డుపడ్డాయి. వెనుక నీరు చెరువై నిలిచింది. 45 రోజుల తరువాత ఆ సహజమైన గట్టు తెగి దిగువ గ్రామాలను ముంచింది. వేలమంది మరణించారు.

2008 మే 12 మధ్యాహ్నం 2 గంటల 28 నిమిషాలకు వెన్‌చువాన్ భూకంపం సంభవించింది. లుంగ్‌మెన్ పర్వతాల అడుగున భూమి చీలింది. 69,000 మందికి పైగా మరణించారు. సుమారు 18,000 మంది ఆచూకీ తెలియలేదు. అది బడులు నడిచే వేళ. 5,335 మంది విద్యార్థులు మరణించారని లేదా కనిపించకుండా పోయారని 2009లో అధికారులు ప్రకటించారు. చుట్టుపక్కల భవనాలు నిలిచిన చోట కూడా బడులు కూలడం చూసి, వాటిని నాసిరకంగా కట్టారని తల్లిదండ్రులు ఆక్రోశించారు.

ఆ దుఃఖంలోనే ఒక ఊరట కూడా ఉన్నది. సాంగ్‌జావో అనే పట్టణంలోని ఉన్నత పాఠశాల భూకంప ప్రాంతంలోనే ఉన్నది. దాని ప్రధానోపాధ్యాయుడు యె జిపింగ్. పాఠశాల భవనం నాణ్యత చాలదని ఆయన ఎంతో ముందుగానే గుర్తించాడు. అధికారుల వద్దకు పదే పదే పోయి నిధులు తెచ్చి, ఏండ్ల తరబడి స్తంభాలను లావు చేయించి, గోడలను బిగువు చేయించాడు. ఆ భవనం కట్టడానికి అయిన ఖర్చుకంటె బాగుచేయడానికి అయిన ఖర్చే ఎక్కువ. అంతటితో ఆగక, 2005నుంచి ప్రమాద సమయంలో ఏ తరగతి ఏ మెట్లమీదుగా దిగాలో విద్యార్థులచేత క్రమం తప్పకుండా సాధన చేయించాడు. భూకంపం వచ్చిన రోజున ఆయన ఊరిలో లేడు. అయినా 2,200 మందికి పైగా విద్యార్థులు, ఉపాధ్యాయులు 1 నిమిషం 36 సెకండ్లలో మైదానంలోకి చేరారు. ఒక్కరి ప్రాణం కూడా పోలేదు. యె జిపింగ్ 2011లో మరణించాడు.

భూకంపంలో దుజియాంగ్‌యాన్ చేపనోరు గట్టు పగుళ్లు తీసింది. ఆ పక్కనున్న ప్రాచీన దేవాలయం దెబ్బతిన్నది. కాని నీటి పంపకం ఆగలేదు. కొండచరియలు పడి తాంగ్‌జియాషాన్ వద్ద నది మూసుకొనిపోయి మరొక ప్రమాదం తలెత్తింది. ఈసారి 1933నాటి గతి పట్టలేదు. దిగువనున్న 2 లక్షలకు పైగా ప్రజలను ముందుగానే తరలించి, కాలువ తవ్వి, జూన్ నెలలో ఆ నీటిని క్రమంగా వదిలారు. కూలిన బెయ్‌చువాన్ పట్టణాన్ని శిథిలాలతో సహా స్మారకంగా ఉంచి, వేరొకచోట కొత్త పట్టణాన్ని నిర్మించారు. తరువాత 2013లో లుషాన్, 2017లో జియుజాయ్‌గౌ, 2022లో లుదింగ్ ప్రాంతాలను కూడా భూకంపాలు పీడించాయి. నేల స్వభావం మారదు. మార్చుకోవలసినది మనిషి సన్నద్ధతే.

నేటి సిచువాన్

ఒకప్పుడు సిచువాన్‌కు చేరడం దుర్లభం. కొండ అంచులకు కొయ్యదూలాలు బిగించి వేసిన దారులే వర్తకులకు, సైనికులకు శరణ్యం. బావోజీ–చెంగ్దూ రైలుమార్గం 1958లో ప్రారంభమైంది. 2017 డిసెంబరులో చిన్‌లింగ్ పర్వతాలను తొలిచి వేసిన అతివేగ రైలుమార్గం వల్ల షీయాన్‌నుంచి చెంగ్దూకు సుమారు నాలుగు గంటలలో చేరవచ్చును.

కొండలనుంచి దూకే నదులు విద్యుత్తుకు కూడా ఆధారమయ్యాయి. జిన్‌షా మీద 2022లో పూర్తయిన బైహెతాన్ కేంద్రం 16,000 మెగావాట్ల సామర్థ్యం కలది. రాష్ట్రంలో ఉత్పత్తయ్యే విద్యుత్తులో ఇంచుమించు పదింట ఎనిమిది పాళ్లు నీటినుంచే వస్తుంది. అయితే 2022 ఆగస్టులో తీవ్రమైన ఎండలు కాసి, వానలు ముఖం చాటేసి, నదులు చిక్కిపోయాయి. కర్మాగారాలను కొన్నిరోజులు మూసివేయవలసి వచ్చింది. చెంగ్దూ మెట్రో స్టేషన్లలో దీపాలు తగ్గించారు. నీటి సమృద్ధికి మారుపేరైన సీమకు కూడా నీటి కొరత ఎదురుకాగలదని ఆ వేసవి నేర్పింది.

సిచువాన్ ప్రజలకు కొండలు నీటిని, మట్టిని, ఉప్పును, లోహాలను ఇచ్చాయి. ఆ కొండలే వరదలను, భూకంపాలను కూడా తెచ్చాయి. వరం, శాపం విడదీయరానివైన చోట మనిషి చేయగలిగినది ఒక్కటే. నేల స్వభావాన్ని ఓపికగా తెలుసుకొని, ఆపద రాకముందే పని ప్రారంభించడం. నదిలో గట్టు పోయించిన లీ బింగ్, బడి స్తంభాలను లావు చేయించిన యె జిపింగ్ రెండువేల రెండువందల ఏండ్ల ఎడంలో జీవించారు. వారు చేసిన పని ఒక్కటే.

కఠిన పదాలు – అర్థాలు

ఎల్ల : హద్దు
మాగాణి : నీటి పారుదల గల సాగుభూమి
భూఫలకం : భూమి పై పొరలోని పెద్ద శిలాఖండం
హిమానీనదం : మెల్లగా జారే మంచు ప్రవాహం
నిస్సారం (పాయ విషయంలో) : లోతు లేనిది
కలుజు : మిగులు నీరు పొర్లిపోయే చోటు
పూడిక : నీటి అడుగున పేరుకొన్న మట్టి, ఇసుక
భాండారం : ధాన్యం, ధనం నిలువచేసే స్థలం
నెలవు : నివాసస్థానం
సన్నద్ధత : ముందుగా సిద్ధమై ఉండటం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. దుజియాంగ్‌యాన్ నీటిపారుదల వ్యవస్థలోని మూడు భాగాలను, అవి పనిచేసే తీరును వివరించండి.
2. సిచువాన్ సంపదకూ, ఆపదకూ కొండలే కారణమనే భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. సిచువాన్‌కు ఆ పేరు వచ్చిన విధాన్ని తెలపండి.
2. లుంగ్‌మెన్ పర్వతాలు ఏర్పడటానికి భారత భూఫలకానికి గల సంబంధం ఏమిటి?
3. సాంగ్‌జావో పాఠశాల విద్యార్థులు ప్రాణాలతో ఎట్లా బయటపడ్డారు?
4. జిగాంగ్ నగరంలో ఉప్పు తీసే పద్ధతిని వర్ణించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మిన్, జిన్‌షా నదులు ఎక్కడ సంగమిస్తాయి?
2. ‘జియావోజి’ అంటే ఏమిటి?
3. లీ బింగ్ విగ్రహం ఎప్పుడు బయటపడింది?
4. 2018లో వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేరిన తెలంగాణ కట్టడాలు ఏవి?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. లీ బింగ్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టలేదు.
2. నేల స్వభావం మారదు. మార్చుకోవలసినది మనిషి సన్నద్ధతే.
3. వారు చేసిన పని ఒక్కటే.

ఉ) చేయవలసిన పని
మీ ఊరి చెరువును గాని, కాలువను గాని పరిశీలించి, దానిని ఎవరు కట్టారో, పూడిక ఎప్పుడు తీశారో పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుట వ్యాసం రాయండి. మీ కళాశాల భవనంనుంచి ప్రమాద సమయంలో బయటకు పోయే దారులను గుర్తించి పటం గీయండి.